దూలం దొరికేదాకా

జనవరి. థండర్ బేలో సున్నాకు కింద ముప్పై ఒకటి.
పార్కులో ఉయ్యాలల గొలుసులు విప్పి
మునిసిపాలిటీ వాళ్ళు గోదాములో పడేశారు.
ఇనప కాళ్ళు నాలుగూ మంచులో మిగిలాయి,
ఎందుకు నిలబడ్డాయో మరిచిపోయినట్టు.

మా ఐలీకి ఊగడం కావాలి.
ఆటగా కాదు, ఆకలిగా.
ఆరేళ్ళు నిండాయి, మాటలు తక్కువ,
ఉన్న నాలుగింటిలో ఎక్కువగా వాడేది "ఇంకా".
ఊగే చోటు లేని సాయంత్రం
సోఫాకీ గోడకీ మధ్య దూరి
వీపుతో గోడను కొడుతూ ఉంటుంది,
ధడ్. ధడ్. పడుకునే వేళ దాకా.

ఇంట్లోనే కట్టేయండి హెల్వీ, అంది థెరపిస్టు,
కిటికీకి కర్టెన్ కట్టమన్నంత తేలిగ్గా.

నా బతుకే సీలింగులు.
ఇరవై రెండేళ్ళుగా జిప్సం పలకల అతుకుల మీద
పుట్టీ పూసి, రుద్ది, మళ్ళీ పూసి
అతుకే లేదనిపించడం నా కూలి.
పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో
నాకు తెలిసినట్టు ఈ వీధిలో ఎవరికీ తెలియదు.
అరంగుళం సుద్ద, అటూ ఇటూ కాగితం.
పేపర్ నక్షత్రాన్ని మోస్తుంది.
పిల్లను మోయదు.
ఈ గదిలో ఆ నునుపు నా చేతిదే,
కాబట్టి ఆ అబద్ధం కూడా.

నిచ్చెనెక్కి మెటికలతో తట్టాను,
పుచ్చకాయను తట్టినట్టు.
డొల్ల. డొల్ల. డొల్ల.
ఒకచోట గొంతు కొంచెం బిగిసింది, అనుకున్నాను.
డ్రిల్ పెట్టాను.
తెల్లపిండి రాలింది, ఆ తర్వాత ఉత్త గాలి.

పక్కింటి డొలోరెస్ తన మిషను పట్టుకొచ్చింది,
గోడలో కర్రను కనిపెట్టేది.
అది అన్నిచోట్లా కీచుమంది,
చివరికి నా అరచేతి మీద కూడా.
"నీలోనే ఉంది దూలం" అని పగలబడి నవ్వింది.
దాని మాట విని ఇంకో రెండు బొక్కలు.
గాలి. గాలి.
నా కనురెప్పల మీద మంచు, ఇంట్లోనే.

డొలోరెస్ కాఫీ తాగి వెళ్ళిపోయింది.
ఫ్రిజ్ మీది చేప బొమ్మ అయస్కాంతాన్ని
అంట్లు తోమే గ్లవ్ వేలిలో పెట్టి
సీలింగంతా మెల్లగా నిమిరాను,
జ్వరం చూసినట్టు.
ఒకచోట అది కదలనంది.

రంగు కింద, పుట్టీ కింద, ఒక స్క్రూ తల.
పలకను ఎవరో దూలానికి బిగించిన చోటు.
నాకు తెలియని మనిషి చెయ్యి.
దాన్ని కప్పేసింది మాత్రం నేనే.

ఈసారి సుద్ద అయిపోగానే
డ్రిల్ గొంతు మారింది, బరువెక్కింది.
గోధుమరంగు పొట్టు సుడులుగా దిగింది.
స్ప్రూస్ వాసన.
ముప్పయ్యేళ్ళు చీకట్లో పడి ఉన్న కర్ర
ఇంకా జిగురు వాసనే వేస్తోంది.

పదహారంగుళాల అవతల రెండో దూలం.
కొక్కేలు రెండూ చెయ్యి తిరిగినంతా తిప్పి,
చెయ్యి చాలక రెంచికి పైపు తగిలించి తిప్పి,
ముందు నేను కూర్చున్నాను, మోకాళ్ళు మడిచి,
ఎనభై రెండు కిలోల తల్లిని.
ఇల్లు ఒకసారి కిర్రుమంది.
ఇంకేమీ అనలేదు.

ఐలీ ఎక్కింది. నా వైపు చూడలేదు.
గోడ ధడ్ మనలేదు ఆ సాయంత్రం;
తాడు కొక్కేన్ని రాసుకునే చప్పుడొకటే,
ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు.
నేను నేల మీద కూర్చుని
బొక్కలు మూసే పుట్టీ డబ్బా తెరిచాను.
మూడు బొక్కలు. నా చేతికి మూడు నిమిషాలు.

వెనక్కి వాలినప్పుడల్లా దాని కళ్ళు
వాటి మీదే ఉన్నాయి.
ఒకటి. పక్కన రెండు.
తెల్లటి ఆ మైదానంలో
దానికి పట్టు దొరికిన చోట్లు అవే కాబోలు.
కత్తితో పుట్టీ తీసి నిచ్చెన మీద కాలు పెట్టాను.

"ఇంకా" అంది ఐలీ.

ఇంకా ఊపమనా,
ఇంకా అప్పుడే వద్దనా,
ఇంకా తవ్వమనా, అడగలేదు.
వచ్చి వీపు మీద చెయ్యి వేసి ఊపాను.

మూత పెట్టడం మరిచాను. పొద్దుటికి
డబ్బాలో పుట్టీ రాయైపోయింది.