హాజరు

దేవరకద్ర తొవ్వల మా హైస్కూలు.
తొమ్మిదో తరగతి, బి సెక్షను,
నలభై ఒక్క పేర్లు.
పేరు పిలిస్తే "ఎస్ మేడం",
పలుకకుంటే ఎర్రపెన్నుతోటి ఒక గీత.
గంతే ఉండె.

సులోచన మేడం ఒకనాడు గీత గీయలే.
పెన్నుకు టోపీ పెట్టి అడిగింది:
"రానోని తరఫున ఎవరు పలుకుతరు?"

మాకు నవ్వొచ్చింది.
కుర్మూర్తి రాలేదని శ్రీశైలం లేసి
"వానికి పిల్లనిచ్చెటోళ్లు వచ్చిన్రు మేడం" అన్నడు.
బెంచీలు గుద్దుకుంట నవ్వినం.
మేడం కోపం చెయ్యలే.
ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకొని
"రేపు వాని ముందటనే సదువుత" అన్నది.

తెల్లారి సదివింది.
కుర్మూర్తి వేళ్ల నిండ పత్తికాయ గీరిన గీతలు.
వాడు గూడ మాతోటి నవ్విండు గాని
వాని నవ్వు జర ఆలస్యంగ మొదలై
అందరికంటె ముందుగాల ఆగింది.
శ్రీశైలం ఆ దినం బువ్వ సగమే తిన్నడు.

అప్పటి సంది మాకొక పని పడ్డది.
రానోళ్ల ఇండ్లకు పోవాలె, తెలుసుకొని రావాలె.
మార్కులుంటయేమో అనుకున్నం,
లేవని తెలిసేటాలకు అలవాటైపోయింది.

బాలమణి నెలకు మూడు దినాలు రాదు.
"దాన్ని అడిగే చెప్తున్న" అని షబానా లేసింది.
"మన బడిల బాత్రూముకు తలుపు లేదు మేడం."
మొగపోరగాళ్లం బండల దిక్కు చూసినం,
ఎన్నడూ చూడనట్టు.
వారం తిరిగేసరికి శ్రీశైలం
వాళ్ల మామ పాత తలుపొకటి
సైకిలు మీద అడ్డం కట్టుకొచ్చిండు.
గొళ్లెం సక్కగ పడది. ఇటుక అడ్డం పెడ్తరు.

మోతీలాల్ రాలే.
"వాళ్లమ్మనాయిన గుంపుమేస్త్రి ఎంబడి పూనా పోయిన్రు,
చెల్లెకు జెరమొస్తే కాడ కూసునెటోళ్లు లేరు"
అని చెప్పింది నవనీత,
పుట్టి బుద్ధెరిగి తండా తొవ్వ తొక్కనిది.
"వాళ్లింట్ల చాయ్ తాగిన" అని గూడ చెప్పింది,
ఎవ్వరు అడుగకున్నా.

ఇగ నా వంతు.
మూడు దినాలు పోలే.
మా నాయిన బొంబాయిల పరంజ మీదికెల్లి పడి
నడుముకు పట్టీతోటి ఇల్లు చేరిండు.
ఎవరొస్తరో, ఏం చూస్తరో, పోయి ఏం చెప్తరో అని
తలుపు దగ్గరికేసుకొని కూసున్న.

వచ్చింది శ్రీశైలం.
వాడంటే నాకు పడది.
లోపలికి రాలే, ఏమీ అడుగలే.
గల్మ మీద కూసొని మా మేకపిల్ల చెవులు గోకి
పొద్దుగూకినంక లేసిపోయిండు.

నాలుగో దినం మేడం వాని మాట సదివింది:
"ఇంట్లనే ఉన్నడు మేడం.
చెప్పబుద్ధైతే వాడే చెప్తడు."

నేను చెప్పలే. ఇప్పటిదాంక చెప్పలే.
ఇప్పటికీ వాడంటే నాకు పడది.
గాని వాడు రాని దినం
మా బెంచి ఎందుకో ఎడల్పైతది.

డిసెంబరుల ఒక సోమవారం మేడం రాలే.
హెడ్మాస్టరు సారు తలుపుల నిలబడి
"మీ మేడం లీవు" అని పోయిండు.
హాజరు పట్టీ టేబులు మీద మూసి ఉండె.
నవనీత లేసి, దాన్ని తెరువకనే, పిలిచింది:
"సులోచన మేడం."

ముప్పై ఏడు మందిమి.
ఏ ఊరో, ఇంట్ల ఎవరున్నరో,
పగటీలి డబ్బల ఏం తెచ్చుకుంటదో,
ఒక్కరికి ఎరుక లేదు.
ఫ్యాను తిరిగిన సప్పుడు.
ఆఖరుకు షబానా మెల్లగ అన్నది:
"తొమ్మిదింటి జడ్చర్ల బస్సుల దిగుతది."

తెల్లారి స్టేజి కాడ
పుస్తకాల సంచులతోటి నిలబడ్డం.
దుమ్ము లేపుకుంట బస్సొచ్చి ఆగింది.
ఇద్దరు దిగిన్రు.
మూడో మనిషి కోసం
తలలు వంచి, అద్దాలల్ల, చూస్తున్నం.