ఉన్నట్టా, లేనట్టా

నవంబరు మూడో వారంలో మొదలుపెడతాను.
ఉలాన్‌బాతర్ మీద బొగ్గుపొగ అప్పటికే
కిటికీ అంచుదాకా దిగి ఉంటుంది.
ఆఫీసు నాలుగో అంతస్తు.
మూడో అంతస్తులో ఆగి
బయటికి చూస్తున్నట్టు నటిస్తాను కాసేపు.

మూడువందల పన్నెండు పేర్లు.
అందరిదీ ఒకటే జబ్బు, ఉబ్బసం.
పేరు పక్క గడిలో ఒంట్లో కొలెస్టరాల్ ఎంతో,
ఆ పక్క గడి ఖాళీ.
అది నింపడానికే నాకు జీతం.

ఆస్పత్రి నుంచి ఖండ్‌మా, అంటాను.
కులాసానా అని అడగను, ఫారంలో ఆ ప్రశ్న లేదు.
మనిషి ఉంటే ఒకటి.
లేకపోతే సున్నా.

ఇక్కడెవరూ చచ్చిపోయాడనరు.
బుర్ఖాన్ అయ్యాడంటారు, దేవుళ్లలో కలిశాడని.
అవతల పొయ్యి మీద ఉప్పు టీ పొంగిన చప్పుడు,
ఎవరో పరిగెత్తిన చప్పుడు.
ఇవతల నేను సున్నా చుడతాను.
ఈమధ్య గుండ్రంగా రావడం లేదు.

లారీ డ్రైవరు జుగ్దర్‌కి ఏడు పాయింటు ఒకటి.
గొర్రెతోక కొవ్వు మానెయ్యమంటే
డాక్టరమ్మని జాలిగా చూశాడు:
"మైనస్ ముప్పైలో నువ్వు ఆకులు నమిలి చూపించు,
తర్వాత నేను."
అతని పేరు పక్కన మేమంతా
మనసులో ఎప్పుడో సున్నా వేసేసుకున్నాం.
ఐదేళ్లుగా మొదటి రింగుకే ఎత్తుతున్నాడు.
"ఉన్నా, రాసుకో తల్లీ!"
తర్వాత నవ్వు, నవ్వు అడుగున పిల్లికూతలు.

డోల్గోర్ కోట్లు కుట్టేది.
రెండు పాయింటు తొమ్మిది.
ఆ కాగితం చూసి డాక్టరమ్మ మురిసిపోయింది,
వరండాలో కూర్చున్నవాళ్లందరికీ చూపించింది.
డోల్గోర్ సిగ్గుపడి, నాలుగు మడతలు పెట్టి
ఇన్‌హేలర్ పక్కనే దాచుకుంది,
కోటు లోపల, చంక దగ్గర,
చలికి మందు మొరాయించకుండా తనే కుట్టుకున్న జేబులో.
పోయిన ఫిబ్రవరిలో ఆమె కూతురు ఫోనెత్తింది.
ఆ పిల్ల నోరు తెరవకముందే నాకు తెలిసింది.
వెనకాల మిషను చప్పుడు లేదు.

లెక్కలు గీతగా గీశారు.
రెండు చివర్లా లేచి నడుమ పల్లం,
అచ్చం గుర్రం జీను.
ముందుకు జారినవాళ్లూ వెనక్కి జారినవాళ్లూ
నేలమీదే పడ్డారు.

"తక్కువైతే మంచిదన్నారు కదా?" అన్నాను.
డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.
"తగ్గడం వల్ల పోయిందో,
పోబోతూ తగ్గిందో.
వెన్నదీపం కొడిగట్టిందంటే
తప్పు గాలిది కాకపోవచ్చు,
అడుగున వెన్నే అయిపోయిందేమో.
ఇంతమంది చాలరు ఖండ్‌మా,
ఇంకా కొన్నేళ్లు కావాలి."
ఎవరివి, అని అడగలేదు నేను.

ఈసారి జుగ్దర్ మొదటి రింగుకి ఎత్తలేదు.
ఐదోదానికీ ఎత్తలేదు.
పెన్ను మూత పెట్టేశాను, తీశాను.
చీకటి పడుతుండగా తనే చేశాడు.
"కనుమ మీద టైరు పేలింది,
సున్నా గాని వేశావా ఏంటి?"
లేదన్నాను.
అంతలో అతనే ఆగాడు.
"ఈ కూతలు నావి కావే.
నీవేనా?"

ఆ ప్రశ్నకి నా కాగితంలో గడి లేదు.
నా రక్తం ఎవరూ తీయలేదు,
నా నంబరు ఏ చివర ఉందో
నేనూ అడగలేదు.

"ఉన్నాను," అన్నాను.
"అయితే ఒకటి వేసుకో మరి," అన్నాడు,
లోయలోకి దిగాడేమో, సిగ్నల్ పోయింది.

కిటికీకి లోపలివైపు మంచు పేరుకుంది.
గోటితో నిలువుగా ఒక గీత గీశాను.
గీతంత సందులోంచి
పొగ కనిపించింది,
పొగలో లైట్లు వేసుకుని
మెల్లగా ఎక్కుతున్న బస్సు.