గెడ చప్పుడు

సంగాడి పేరయ్య, యాభై ఎనిమిది, జొన్నాడ.
ఎడమ ఊపిరితిత్తి, కింది భాగం.
ఇరవై ఐదు సిట్టింగులు.

మొదటి బస్సుకే కాకినాడ వచ్చేస్తాడు.
చొక్కా మడిచి కుర్చీలో పెట్టి
తనే బల్ల మీద సర్దుకుంటాడు.
ఛాతీ మీద మేం పొడిచిన మూడు చుక్కలు,
వాటి మీదుగా పచ్చటి లేజరు గీత.
కడుపు మీద సబ్బుబిళ్ళంత డబ్బా,
దాన్నే చూస్తూ కప్పు కింద ఓ కెమెరా.

తలుపు మూసుకుంటుంది.
బారెడు మందం గోడకి ఇవతల
నాకిక పేరయ్య అంటే తెర మీద ఒక గీత,
లేస్తూ, పడుతూ,
సముద్రం దగ్గరి కాలవలా.

"గాలి పీల్చండి... ఆపండి."

గీత లేచి రెండు నీలం గట్ల మధ్య ఆగుతుంది.
అప్పుడే కిరణం.
దగ్గొచ్చినా, గట్టు దాటినా
మిషను తనంతట తనే ఆగిపోతుంది.
రొయ్యల చెరువు కాపలా కుర్రాడి గీత వణుకుతుంది,
లెక్కల టీచరుగారిదీ వణుకుతుంది.
ఈయనది స్కేలు పెట్టి గీసినట్టుంటుంది.

ఎలాగండీ అంటే నవ్వాడు.
"ఆయ్, ఇసక మునకలేసినోణ్ణండి.
గెడ పట్టుకుని అడుక్కెళ్ళాక
కదిలితే బురద లేస్తది,
మన బకెట్టు మనకే కనపడదు."

తొమ్మిదో రోజు.
ఇరవై సెకన్లయ్యాయి, కిరణం ఆగింది.
"వదలండి" అన్నాను.
గీత దిగలేదు.
ఇరవై ఆరు.
మళ్ళీ అన్నాను, గట్టిగా.
సన్నగా అదురుతోంది, అయినా దిగదు.
ముప్పై మూడు.
అప్పుడు చూసుకున్నాను,
మైకు మీటకీ నా వేలికీ మధ్య వెంట్రుకవాసి సందు.
మిల్లీమీటరు కదిలినా పట్టే కెమెరా
ఆయన వైపే చూస్తోంది.

నొక్కాను. గీత కూలిపోయింది.

పరిగెత్తేసరికి దగ్గు, కళ్ళనిండా నీళ్ళు.
"నేను చెప్పకపోతే మాత్రం వదిలెయ్యొద్దూ!"
"పైనున్నోళ్ళు గెడ మీద కొడితేనే కదమ్మా లేచేది.
తొందరపడితే
నెత్తి మీద పడవుంటది."

పదో రోజు నుంచీ
"వదలండి" అనే ముందు
మైకుని గోటితో రెండుసార్లు కొడతాను.
ఆ చప్పుడుకే గీత దిగుతుంది,
మాట దాకా ఆగదు.