పైగుడ్డ దులిపేది

పన్నెండొందల నలభై లైన్లు తీసేసినా ఈ పొద్దు.
కొత్తగా రాసింది పదకొండు.
ఇట్లాంటి పొద్దుల్ని పనని ఎవురికి చూపించేది?

గ్రీమ్స్‌పేటలో మేడమింద గది.
కింద దొరస్వామి గ్రైండరు రాళ్ళకు గంట్లు కొడతా ఉంటే
నా టేబులుమింద టీ గ్లాసు ఒణుకుతాది.
"ఏం పని పాపా నీది, రాత్రంతా లైటేసుకోని?" అన్నాడొకసారి.
తాళాలు చేస్తామన్నా. నేనొకదాన్నే కాదు,
ఊరికొకరం, కూలి లేకుండా.
తాళం లోపల పళ్ళు ఎట్లుండాయో లోకమంతా చూడొచ్చు,
తాళంచెవి మాత్రం ఎవురిది వాళ్ళ కాడే.
"లోపల చూపించినాక అదేం తాళం పాపా" అని
మళ్ళా ఉలి ఎత్తినాడు.

ఇరవైరెండేండ్ల కోడు.
ఇప్పుడు యాడా లేని మిషన్ల కోసరం వేసిన దోవలు,
ఒకే పనికి మూడు ఫంక్షన్లు, మూడూ ఒకదాన్నొకటి నమ్మనివి,
టెంప్, టెంప్ రెండు, టెంప్ రెండు కొత్తది,
"తర్వాత సరిచేస్తా" అని రాసి పోయినోడు.
ఆ తర్వాత నేనే అనుకుంటా.
తీసేసే ప్రతి లైనూ ఎవురిదో ఒక రాత్రి.
తెలుసు. అయినా తీస్తా.

పోయినేడు, పనికి కొత్త.
రెండు రహస్యాల్ని పక్కపక్కన పెట్టి పోల్చే లూపు ఒకటి:
మొదటి అక్షరమే తప్పయినా ఆగదు,
కడాకంటా నడిచిపోయి అప్పుడు చెప్తాది, కాదని.
సోంబేరిది, అనుకున్నా.
తప్పు కనపడంగానే నిలబడేట్టు మార్చినా.
పరుగెత్తింది. మురిసినా.
తెల్లారేసరికి యాడో మంచు దేశంనించి మొకం తెలీని మనిషి
ఒక్క మాట పంపినాడు:
"ఎంతసేపటికి కాదంటావో లెక్కపెట్టేవాడు
ఎంతవరకు అవునో కనుక్కుంటాడు."

అప్పుడు గుర్తొచ్చినాడు మా పెదనాయన మునెప్ప.
పలమనేరు సంతలో ఎద్దుల దళారి.
పైగుడ్డ కింద చేతిలో చెయ్యి.
ఒక వేలు పడితే వెయ్యి, సగం ఒంచితే ఐనూరు.
చుట్టూరా జనం, పేడ వాసన, బీడీ పొగ.
గుడ్డ అందురికీ కనబడతాది, రేటు ఎవురికీ కనబడదు.
నన్ను పక్కన నిలబెట్టుకోని చెప్పేవాడు:
"బేరం కుదిరినా అదే మొకం, చెడినా అదే మొకం.
రెప్ప ఒక రవ్వ ముందర కొట్టినావో
పక్కనోడికి రేటు చెప్పినట్టే."
మొదటి వేలుకే మంచి రేటు తగిలినా
ఐదు వేళ్ళూ తడిమేదాకా చెయ్యి తీసేవాడు కాదు.

లూపును మళ్ళా నడిపించినా, నిదానంగా, కడాకంటా.

ఈ పొద్దు ఇంకొకటి.
పని అయినాక రహస్యం ఉన్న చోటంతా సున్నాలు పూసే లైను.
ఆమీట ఎవురూ చదవరు కదా, దండగ అనుకోని
కంపైలరు దాన్ని చప్పుడు లేకుండా తీసి పారేస్తా ఉండాది.
ఎన్నాళ్ళనించో.
తుడిచినామని మేమనుకుంటా ఉండాం.
రహస్యం ఆడనే పడుండాది,
ఎత్తని ఎంగిలాకు మాదిరి.

బేరం తెగినాక మునెప్ప పైగుడ్డ దులిపేవాడు. రెండుసార్లు.
దాంట్లో ఏముంది పెదనాయనా అంటే
"ఏమీ లేదు గదా, అది చూసుకునేదానికే."
భుజాన వేసుకోని టీ అంగడికి పోయేవాడు.

ఈ మాట కంపైలరు కాదనలేకుండా చెప్పేదానికే
ఆ పదకొండు లైన్లు.

పైన పాతోడి కామెంటు అట్లనే ఉండాది: దీన్ని తాకొద్దు.
ఎందుకో రాయలేదు.
దాన్ని తీసి, మార్చే ముందర నన్ను అడగండి, అని పెట్టినా.
కింద గంట్ల చప్పుడు నిలిచింది. షట్టరు పడింది.
నన్నంటే? ఎన్నాళ్ళుంటా నేనీడ?
చెరిపేసినా.
కారణం రాసినా, నాలుగు వాక్యాలు,
పేరు పెట్టకుండా.

టెస్టులు నడస్తా ఉండాయి.
గ్లాసులో టీ కదలకుండా ఉండాది, మింద తెట్టు కట్టి.