రెండు నొక్కులు

కురుపాం మార్కెట్ వెనక సందులో నా కొట్టు.
తాళాలు, కాటాలు, పొయ్యి బర్నర్లు.
తుక్కు సన్నాసిరావు ఓ సాయంత్రం గోనెసంచి దులిపి
"తళతళలాడించీరా అప్పలకొండా,
డాక్టరుబాబు అడుగుతున్నాడు" అన్నాడు.
ఏ పడవ కోసినప్పుడు దొరికిందో
అతనికే గుర్తులేదు.

ఇత్తడి ఒళ్లు, టేకు పిడి,
బొటనవేలు దూరేంత గొట్టం.
మనిషిని చంపడానికి కాదు,
మనుషుల్ని పిలవడానికి చేసిన పిస్తోలు.

ట్రిగ్గరు ముందున్న మీట నొక్కితే
గొట్టం మడతబందు మీద తల వంచాలి.
ఉప్పు పట్టి వంచలేదు.
రాత్రంతా కిరసనాయిల్లో ఉంచితే
పొద్దున్న వంచింది.
లోపల తూటా!
అంచు చుట్టూ గరగరా పళ్లు.
చీకట్లో వేలికి తెలియాలిగా, ఇది ఎరుపని.
వెనక రాగి బిళ్ల మీద
రెండు నొక్కులు, పక్కపక్కనే.

కుర్రాణ్ణి టీకి పంపించి
తూటాని బకెట్ నీళ్లలో దించాను.
అప్పుడు విప్పాను మిగతాది.

సుత్తిని వెనక్కి లాగితే స్ప్రింగు ముడుచుకుంటుంది.
చిన్న పన్నొకటి గాడిలో పడి
దాన్ని పట్టుకుంటుంది.
ట్రిగ్గరు చేసేదల్లా ఆ పన్నుని తప్పించడమే.
ఆపైన సుత్తి, సూది, బిళ్ల, నిప్పు,
అంతా స్ప్రింగు దయ.
వేలు ఎంత బిగిసినా
దెబ్బ బిగియదు.

ఆ రాత్రి అతనికి ఆ సంగతి తెలుసో లేదో.
డాల్ఫిన్ నోస్ దీపం కనపడే దూరంలోనే ఉన్నాడేమో.
మళ్లీ సుత్తి లాగాడు.
రెండో నొక్కు మొదటిదానికన్నా
వెంట్రుకవాసి కూడా లోతు లేదు.
మూడోది లేదు.
ఎందుకు లేదా అని
గొట్టంలో కన్ను పెట్టి చూస్తే
ఎదురుగోడ మీద నూనె కంపెనీ కేలెండరు.

తుప్పు తిన్న స్ప్రింగు తీసేసి
పాత గోడగడియారంలోది ముక్క కోసి, కాల్చి,
నూనెలో ముంచి బిగించాను.
గొట్టంలో పెన్సిలు వేసి నొక్కితే
పైకప్పు రేకు టంగుమంది.
టీ గ్లాసులతో కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

మూడోరోజుకి బకెట్లో అట్ట ఉబ్బి విడిపోయింది.
నీళ్లు ఎర్రబడతాయనుకున్నాను.
బూడిదరంగు.

ఎంవీపీ కాలనీ డాక్టరుగారు చీటీ చూసి
"అద్దాల బీరువాలో పెట్టేదానికి
స్ప్రింగెందుకయ్యా?" అన్నారు.
నిజమే.
చీటీలో నలభై రూపాయలు కొట్టేశాను.
స్ప్రింగు ఉంచాను.