రిపేరులో ఉన్న దారి

స్వర్ణోత్సవ సంచికకు పార్కు చరిత్ర
రెండు పేజీల్లో రాసియ్యమన్నారు.
ఫలకం మీది తేదీ ఎక్కించాను.
ఆ పైన కలం కదల్లేదు.

బాటనీ అటెండరు అక్కులప్పనడిగితే
సిమెంటు బెంచీ కింద రాయిని కాలితో తట్టాడు.
"ఇది గెనిమ రాయి సార్. అప్పుడివన్నీ శెనక్కాయ చేన్లు.
ఈ పక్క మా పెదనాయనది,
ఆ పక్క… ఎవరిదోలే."
ఎవరిదోలే అన్నప్పుడు
అనంతపురం గాలి ఎక్కువైనట్టు
తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ట్యాంకరు రాని ఏడు
హాస్టల్ పిల్లలు మొహాలు కడుక్కున్న నీళ్లు తాగి
బతికింది ఈ కానుగ.
తర్వాత మేమే మేకు కొట్టి
రేకు మీద శాస్త్రీయ నామం తగిలించాం.
బెరడు ఏటా కొంచెం రేకును మింగుతోంది.
ఇంటిపేరు పోయింది,
పేరు సగం మిగిలింది.

సీతాఫలాన్ని ఎవరూ నాటలేదు.
ఉడుత వదిలిన గింజో, పరీక్ష తప్పినోడు ఉమ్మిందో.
జాబితాలో లేదు, రేకూ లేదు.
కాయలు మాత్రం కండ్లు తెరవకముందే మాయం.

పోయిన మే నెలలో
వీసీగారు నడిచే దారిలో, కంకరలో కంకరలా
నాలుగు గుడ్లు. తీతువువి.
కూస్తే చావు కబురని ఇంట్లో తిట్టే పిట్టే.
అక్కులప్ప చుట్టూ ఇటుకలు పేర్చి
'రిపేరు' అని అట్టముక్క నిలబెట్టాడు.
ఏం రిపేరని ఎవరూ అడగలేదు.
వీసీగారు కూడా గడ్డిలోకి దిగి చుట్టు తిరిగి పోయారు.
ఇరవై ఎనిమిదో రోజు పొద్దున
అట్టముక్క తీసేశాడు.

ఫలకం తేదీ కింద చేర్చాను:
గుడ్లు నాలుగు.
నడిచి వెళ్లినవి మూడు.
సంపాదకుడు అచ్చుతప్పనుకుని కొట్టేశాడు.