పాతపేర్ల గడి

తరమణిలో మూడో అంతస్తు. కిటికీ అవతల
ఎత్తు పట్టాల మీద రైలు వానలో తడుస్తోంది.
తెరమీద నలభై ఒక్క పేర్లు,
నేను తేల్చాల్సింది ఒకే కుటుంబం.

కాలేయంలో చూసినవాడు ఒక పేరు పెట్టాడు,
నెత్తుట్లో చూసినవాడు ఇంకొకటి,
మందుబిళ్ళని విరగ్గొడుతుంటే పట్టుకున్నవాడు మూడోది.
ఎంజైము మాత్రం ఒకటే,
ఒకింట్లో వదిన, ఒకింట్లో మేనత్త, పుట్టింట్లో పెద్దమ్మడు.

కొత్త పద్ధతి నిజానికి మన పద్ధతే:
ముందు ఇంటిపేరు, ఆ తర్వాత మనిషి.
సి.ఇ.ఎస్. ఒకటి. సి.ఇ.ఎస్. రెండు.
మనిషిదైతే అన్నీ పెద్దక్షరాలు,
చిట్టెలుకదైతే మొదటిదొక్కటే పెద్దది.
మనకి ఒకటున్న చోట దానికి ఎనిమిది,
ఐసీఎఫ్ క్వార్టర్సులా గోడకు గోడ ఆనుకుని.
పని మానేసిన జన్యువుకి కూడా
ఇంటిపేరు తీసెయ్యరు,
చివర ఒక 'పి' తగిలించి ఊరుకుంటారు.

నేను దూబగుంట విదులని.
రేషన్ కార్డులో తూపకుంట,
తమిళంలో 'ద'కీ 'త'కీ ఒకటే అక్షరం, గుమస్తా తప్పు లేదు.
డిగ్రీ పట్టాలో ఆర్. విదుల,
మా నాన్న రంగయ్య ఒక అక్షరం, ఒక చుక్క.
ఓసారి విమానాశ్రయంలో "మిస్ దూబగుంట" అని పిలిస్తే
నెల్లూరు దగ్గర ఊరు ఊరంతా
లేచి నిలబడ్డట్టయింది.

ఇరవైమూడో వరసలో ఆగాను.
మద్రాసిన్.
డెబ్బై ఎనిమిదిలో, పెరంబూరు కబేళా నుంచి
ఐసు డబ్బాలో, సైకిలు మీద తెచ్చిన గేదె కాలేయం.
దాన్నుంచి వేదాచలం గారు తీసిన ఎంజైము,
పెట్టుకున్న పేరు.
కొట్టెయ్యాలి. కొట్టెయ్యకుండా ఫోన్ చేశాను.

"ఎన్నో నంబరిచ్చావమ్మా?"
అరవ యాసలో, చక్కటి తెలుగు.
"రెండు, సార్."
"ఒకటి ఎవురిది?"
చెప్పాను.
కాసేపు ఆయన వైపు వాన, నా వైపు వాన.
"అయితే నా పేరు?"
"పాతపేర్ల గడిలో ఉంటుంది సార్.
దాన్ని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి
ఇంటి దారి చూపిస్తుంది."
ఏం మాటలు అవి. నాకే సిగ్గేసింది.

ఆయన నవ్వారు.
"ఊరి పేరు మారి ఎన్నేళ్ళయింది?
సెంట్రల్‌కి టికెట్ తీసి చూడు,
ఇంకా ఎం.ఏ.ఎస్. అనే ఉంటుంది."
దగ్గు. పెట్టేశారు.

గడి తెరిచాను. మ, ద్రా...
ఇంగ్లీషులో 'ఎస్' ఒకటా, రెండా?
ఆయన వ్యాసంలో ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు.
మళ్ళీ ఫోన్ చేశాను.